కందిగింజ లోతు

మా తాండూరులో ఇప్పుడు రాళ్ల మీద పేర్లు మిషన్‌తో కోస్తున్నారు. ఆ పని చేసే కుర్రవాళ్లు ఒకరిద్దరు సాయంత్రాలు మా అరుగు మీదికి వస్తుంటారు. మొన్న ఒకడు నిజంగానే దిగులుగా అన్నాడు: "తాతా, కంప్యూటర్ల వెయ్యి డిజైన్లున్నయి. ఎంత లోతంటే అంత లోతు, ఏ పువ్వంటే గా పువ్వు. ఏది పెట్టాల్నో మాత్రం సమజైతలేదు. నీ పాత బండలు చూస్తే మస్తు మంచిగుంటయి. ఏం జేసేటోడివి?"

ఏం చేసేవాణ్నో చెప్పబోయేలోపు వాడి ఫోను మోగింది. వాడు లేచిపోయాడు. అందుకని రాసి పెడుతున్నాను. చదివే ఓపిక ఉన్నవాళ్లు చదువుతారు.

నా పేరు నర్సింలు. నలభై ఏళ్లకు పైగా నాపరాయి మీద అక్షరాలు చెక్కాను. సమాధి రాళ్లు, బడులకూ బావులకూ వేసే శంకుస్థాపన రాళ్లు, ఇంటి ముందు పెట్టే పేరు బండలు, ఏవి అడిగితే అవి. ఎన్ని చెక్కానో లెక్క లేదు, చెప్పి మెప్పు పొందాలనీ లేదు. ఈ పనిలో నేర్చుకోవలసిందంతా మొదటి పదిహేనేళ్లలో నేర్చుకున్నాను. మిగతా కాలమంతా దాన్ని మరిచిపోకుండా చూసుకోవడమే సరిపోయింది. కనుక ఆ పదిహేనేళ్ల సంగతులే చెబుతాను.

ఉస్తాద్ పెట్టిన హద్దులు

మా నాయన గనిలో బండలు తీసేవాడు. ఆయన కాలు మీద బండ పడ్డాక ఇంట్లోంచి ఇంకొకరు పనికి పోవలసి వచ్చింది. అప్పటికి నేను ఏడో తరగతి దాకా చదివాను, అదీ ఉర్దూలో. మా రోజుల్లో ఇంట్లో మాట తెలుగు, గనిలో మాట సగం కన్నడం, పలక మీద రాత ఉర్దూ. ఆ ఉర్దూ రాత చూసే ఖాదర్ ఉస్తాద్ నన్ను పనిలో పెట్టుకున్నాడు. స్టేషను నుంచి బజారుకు వచ్చే దారిలో ఆయన దుకాణం. దుకాణమంటే పైన నాలుగు రేకులు, కింద పరిచిన ఇసుక, అంతే. చుట్టుపక్కల గోరీల మీద ఉర్దూ రాతలన్నీ ఆయన చేతివే.

ఆయనకు మూడు కట్టుబాట్లు ఉండేవి. అక్షరం లోతు కందిగింజలో సగం దాటకూడదు. అక్షరాలు తప్ప పువ్వులు, తీగలు ఏవీ చెక్కకూడదు. ఒక పనికి ఒకే బండ, చెడిపోతే రెండోది అడగకూడదు.

లోతు సంగతి కొంచెం చెప్పాలి. మన నాపరాయి పొరలు పొరలుగా పుడుతుంది. పై పొర దాటి ఉలి దిగిందంటే పక్కనుంచి పెచ్చు లేచి వస్తుంది. ఉస్తాద్ అంగీ జేబులో ఎప్పుడూ నాలుగు కందులుండేవి. నేను చెక్కిన గాడిలో ఒక గింజ పెట్టి, వంగి చూసేవాడు. సగం గింజ పైకి కనబడితే సరే. మునిగిందా, నాకు ఆ పూట అక్షింతలే. తాండూరు కందులు ఎందుకు మంచివో మీ అమ్మలు చెబుతారు. నాకు మాత్రం చాలాకాలం కందిపప్పు చూస్తే తిట్లు గుర్తొచ్చేవి.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"ఉస్తాద్, జర లోతు పోతే నీడ మంచిగ పడ్తది గద?"

"పడ్తది. ఎనుకకెల్లి పొర గూడ లేస్తది. గా పెచ్చు తీస్కపోయి మీ ఇంట్ల పెట్టుకో. గిరాకీకి నేనేం జెప్పాలె?"

లోతు లేకుండా అక్షరం దూరానికి కనబడటం ఎట్లా? ఆయన చేసేది చూస్తూ చూస్తూ తెలుసుకున్నాను. గిరాకీ రాగానే ఉస్తాద్ ముందు చెక్కవలసిన పేరు అడిగేవాడు కాదు. "రాయి ఏ దిక్కుకు మొగం పెడ్తది?" అని అడిగేవాడు. పొద్దుటి ఎండ పడేదైతే గాడికి ఒక పక్క వాలు ఎక్కువ తీసేవాడు. సాయంత్రపు ఎండైతే రెండో పక్క. లోతు చేతిలో లేదు కాబట్టి ఎండను పనిలో పెట్టుకున్నాడు. ఆయన చెక్కిన రాతి ముందు నిలబడి, పొద్దెక్కుతున్నకొద్దీ పేరు నల్లబడుతూ రావడం చూడటం నాకు సంబరంగా ఉండేది.

ఇంత తెలిసినా నాకు పువ్వుల మీదే మనసు. అక్షరాలు ఎవరో తయారుచేసి పెట్టినవి, పువ్వైతే నా సొంతం కదా అని లోలోపల ఒకటే పోరు. ఎప్పటికైనా నా సొంత చేతితో, నాకు నచ్చినట్టు ఒక్క రాయి చెక్కాలి. అప్పట్లో నాకున్న ఆశ అదొక్కటే.

తెలుగు సున్నలు

నిజాం రాజ్యం పోయిన ఏడాది ఉస్తాద్ కొన్ని నెలలు దుకాణం తెరవలేదు. ఆయన తమ్ముడి కుటుంబం ఊరు విడిచి వెళ్లిపోయింది. ఆయన్నీ రమ్మన్నారట. "యాడికి పోవాలె? బండలు ఈడనే ఉన్నయి గద" అని ఆయన మా నాయనతో అనడం విన్నాను. ఆ మాట నవ్వుతూనే అన్నాడు గాని ముఖంలో నవ్వు లేదు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు బాగుండదు.

దుకాణం మళ్లీ తెరిచాక ఉర్దూ రాతలకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. కొత్తగా బడులు, బావులు, పంచాయతీ గదులు కడుతున్నారు. అందరికీ తెలుగులో రాళ్లు కావాలి. ఉస్తాద్‌కు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నాకూ రాదు. అప్పుడే బడికి తెలుగు చెప్పడానికి వచ్చిన కిష్టయ్య సార్ దగ్గరికి పోయి అక్షరాలు పెద్దవిగా రాయించుకొచ్చేవాణ్ని. నేను తెలుగు చదవడం కంటే ముందు చెక్కడం నేర్చుకున్నాను. నవ్వకండి, నిజం.

మొదటి తెలుగు రాయి యాలాల్ దగ్గర ఒక బడికి. లోతు కొలుచుకుంటూ జాగ్రత్తగానే చెక్కాను. కాని తెలుగు గుండ్రటి లిపి. సున్న చుట్టూ గాడి తీసి, చివర రెండు కొసలూ కలిపేసరికి, లోపల మిగిలిన బిళ్ల టప్పున ఊడి వచ్చింది. గాబరాపడి ఇంకో సున్న చెక్కాను, అదీ అంతే. సాయంత్రానికి ఆ రాతి మీద అయిదారు గుంటలు, పిల్లలు గోలీలాడుకునే గుంటల్లాగా. రెండో బండ లేదు. నాకు ఏడుపొచ్చింది, ఉస్తాద్ మీద కోపమూ వచ్చింది.

"ముందే చెప్పొచ్చు గదా ఉస్తాద్!"

"తెలుగు అచ్చరం నీది. దానికి యాడ నొస్తదో నాకెట్ల ఎరుక?" అన్నాడు ఆయన. తర్వాత తానే లేచి ఒక పాత గోరీ రాయి దగ్గరికి తీసుకుపోయాడు. తన ఉర్దూ అక్షరాల చిన్న చిన్న కళ్లను గోటితో చూపించాడు. ఒక్క కన్నూ పూర్తిగా మూసి లేదు. వెంట్రుకవాసి సందు వదిలి ఉంది. ఆ సందే లోపలి బిళ్లను బండకు పట్టి ఉంచుతుంది. మూడేళ్లు రోజూ చూసిన రాళ్లే. ఆ సందు నా కంటికి ఎప్పుడూ ఆనలేదు.

చెడిన రాతిని ఇసుకా నీళ్లూ పోసి నాలుగు రోజులు అరగదీశాను. గుంటలు పోయి నున్నబడ్డ దాని మీద మళ్లీ చెక్కాను. ఈసారి ప్రతి సున్నకూ పైన కుడివైపు సన్నటి సందు వదిలాను. చూస్తే అక్షరాలు ఊపిరి పీల్చుకుంటున్నట్టు అనిపించాయి. కొన్నాళ్లకు మర్పల్లి, పరిగి వైపు నుంచి వచ్చేవాళ్లు "గా సందులున్న అచ్చరాలు కావాలె" అని అడగడం మొదలుపెట్టారు. నా సొంత చేతిరాత అని నలుగురూ అనుకున్నది బండ నాతో బలవంతంగా చేయించిన పని. ఆ సంగతి అప్పుడు ఒప్పుకునేవాణ్ని కాదు.

అన్ని హద్దులూ ఒకటి కావు

హద్దులన్నీ మంచివే అని నేను అంటున్నట్టు తీసుకోకండి. బండ పెట్టే హద్దు వేరు, కుర్చీ పెట్టే హద్దు వేరు.

ఒకసారి ఒక ఆఫీసు నుంచి శంకుస్థాపన రాతికి కాగితం వచ్చింది. అందులో పద్నాలుగు పేర్లు. ఎవరి పేరు ఎంత పెద్దగా ఉండాలో, ఎవరి పేరు ఎవరి పైన ఉండాలో వేళ్లతో కొలిచి మరీ రాశారు. ఆ పని చేయించే గుమాస్తాకు ఒకటే భయం, కింద పేరు పై పేరంత కనబడితే తన ఉద్యోగం ఊడుతుందని. నేను చెక్కుతుంటే పక్కనే కూచుని అక్షరాల ఎత్తు పుల్లతో కొలిచేవాడు. పాపం, పిల్లలు గలవాడు. ఆ రాయిలో నేను లేను, ఆయనా లేడు. రాయి సిద్ధమయ్యేసరికి పైనున్న పెద్దమనిషి మారిపోయాడు. అదే బండను బోర్లా తిప్పి వెనకవైపు మళ్లీ చెక్కాం. గోడలోపలి వైపు ముఖం పెట్టుకున్న మొదటి పద్నాలుగు పేర్లూ ఇప్పటికీ అక్కడే ఉండాలి. అట్లాంటి పని వస్తే చేసి పంపండి, తిట్టుకోకండి, దాన్నుంచి ఏదో నేర్చుకోవాలని చూడకండి. అందులో నేర్చుకునేది ఏమీ ఉండదు.

ఉస్తాద్ పెట్టిన హద్దుల్లో కూడా ఒకటి నాకు న్యాయంగా తోచలేదు. అదే పువ్వుల సంగతి. ఒక షావుకారు తల్లి సమాధి రాతి మీద, ఉస్తాద్ ఊళ్లో లేని రెండు రోజుల్లో, కింది మూలన సన్నటి మల్లెతీగ ఒకటి చెక్కాను. అరచేయంత ఉంటుంది. లోతు కందిగింజలో సగమే. ఉస్తాద్ వచ్చి చూశాడు. ఇసుక తెచ్చుకుని కూచుని ఆ మూలంతా తన చేతులతో అరగదీశాడు.

"గదేం చేసిందని గట్ల గీకేసినవ్?" అని అరిచాను.

"నా దుకాణంల అచ్చరాలే ఉంటయి" అన్నాడు తలెత్తకుండా.

"అయితే నేనుండను."

"దర్వాజ తెరిచే ఉన్నది నర్సిం."

ఉలులు గుడ్డలో చుట్టుకుని వచ్చేశాను. ఆ తీగ విషయంలో తప్పు ఉస్తాద్‌దే అని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. తీగ బాగుంది.

నీ ఇష్టం

రాష్ట్రం మారిన కొత్తలో వికారాబాద్ స్టేషను దగ్గర సొంత దుకాణం పెట్టాను. రెండు రైలు దారులు కలిసే చోటు, అనంతగిరికి పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ, బాగానే సాగింది. నా మీద ఎవరి పెత్తనమూ లేదు. పేరు బండల మూలల్లో పువ్వులు చెక్కేవాణ్ని, చిలకలు చెక్కేవాణ్ని. ఉస్తాద్‌లాగా జేబులో కందులు పెట్టుకునే అలవాటు మానేశాను.

రెండో ఏడాది పరిగి వైపు నుంచి ఒక పటేలు వచ్చాడు. తల్లి పేరుమీద సత్రం కట్టిస్తున్నాడు. మంచి మనిషి, చెయ్యి పెద్దది.

"నర్సింలు, మా అమ్మ పేరు మీద మంచి బండ కావాలె. ఎంత పెద్దదంటే గంత పెద్దది తీస్కో. ఎన్ని దినాలంటే గన్ని దినాలు. ఏం చెక్కాల్నో నేను చెప్ప. నీ ఇష్టం."

నీ ఇష్టం! ఇన్నేళ్లుగా ఎవరైనా ఆ మాట అంటారా అని ఎదురుచూసినవాణ్ని. గనికి స్వయంగా పోయి మనిషెత్తు బండ ఎంచుకున్నాను. అరుదుగా దొరికే మందమైన పొర అది, ఎంత లోతు దిగినా ఫికర్ లేదు. బండ తీసిన కన్నడం మేస్త్రీ "సాకు, ఇదక్కింత దొడ్డదు బ్యాడ" అని నవ్వాడు. చాలు, ఇంతకంటే పెద్దది వద్దని ఆయన భావం. నాకు అదీ చిన్నగానే కనబడింది.

నాలుగు నెలలు పని. అంచు చుట్టూ తీగ చెక్కాను. తీగ ఖాళీగా ఉందని పువ్వులు పెట్టాను. పువ్వుల పక్కన నెమళ్లు లేకపోతే ఏం బాగుంటుందని నెమళ్లు. కింద బరువుగా ఉండాలని ఏనుగుల వరస. పైన తామర. ఎక్కడ ఆపాలో తెలియలేదు. ఆపమనేవాళ్లూ లేరు. బండ ఇంకా మిగిలే ఉంది, ఇంకో జంట చిలకలు పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, పేరుకు చోటు ఉంచాలని. నెమళ్ల కాళ్ల మధ్య ఒక జానెడు చోటు ఉంటే అక్కడ చెక్కాను.

నిలబెట్టిన రోజు ఊరంతా వచ్చింది. అందరూ ఏనుగులు చూసి, నెమళ్లు చూసి, "అబ్బ అబ్బ" అన్నారు. నా కాళ్లు నేల మీద లేవు. అప్పుడు పటేలు ఇంటావిడ ముందుకు వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అటూ ఇటూ వెతికి అడిగింది:

"మంచిగనే ఉన్నది గని, మా అత్త పేరేడున్నది?"

నేను వేలు పెట్టి చూపించాను. ఆవిడ వంగి చూసింది, వెనక నిలబడ్డవాళ్లు వంగి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. పటేలు మాత్రం పెద్దమనిషి. "ఉండనియ్యి తియ్, గింత పని ఎవరు జేస్తరు" అని నా భుజం తట్టాడు. ఆయన తిట్టి ఉంటే నాకు కొంత సుఖంగా ఉండేది.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో కూచుని ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. ఈ నాలుగు నెలల్లో ఆ తల్లి ఎట్లాంటి మనిషి అని నేను ఒక్కసారీ అడగలేదు. రాయి ఏ దిక్కుకు నిలబడుతుందనీ అడగలేదు. అడగవలసిన అవసరమే పడలేదు, చోటుకు కరువు లేదు కదా. ఇరుకైన చోట ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోవాలంటే, ముందు ఆ మనిషి గురించి తెలుసుకోవాలి. నాకు సిగ్గేసింది. అయితే ఆ రాయి ఇప్పటికీ ఉంది, సత్రంలో దిగిన పిల్లలు ఏనుగులు లెక్కపెట్టుకుంటూ ఆడుకుంటారు. ఆ మాత్రం పుణ్యం దక్కింది.

ఉతికే బండ

ఆ తర్వాత కొంతకాలం చేతికి పని నచ్చలేదు. పేరు బండలు చెక్కేవాణ్ని గాని, పువ్వు పెట్టబోతే ఏనుగులు గుర్తొచ్చేవి. అట్లా ఉండగా ఒక ఎండాకాలం పొద్దున మర్పల్లి దగ్గరి పల్లె నుంచి ఎడ్లబండి ఒకటి వచ్చి దుకాణం ముందు ఆగింది. బండి తోలుకొచ్చినవాడు దావీదు, ముప్పై ఏళ్లవాడు. దిగిన పెద్దాయన వాళ్ల నాయన యాకోబు. పొలం పనులు చేసుకునే మనిషి. ఆయన భార్య రూతమ్మ చనిపోయి నెల అయింది. వాళ్లు క్రైస్తవులు, సమాధి మీద రాయి పెట్టాలి.

బండిలోంచి ఇద్దరూ కలిసి గొంగడిలో చుట్టిన బండ ఒకటి దింపారు. విప్పి చూస్తే బట్టలుతికే బండ. రెండు మూరల పొడవు ఉంటుందేమో. ఉతికి ఉతికి నడుమంతా అరిగి పళ్లెంలాగా గుంటబడింది.

"దీని మీదనే రాయాలె కొడుకా" అన్నాడు యాకోబు.

"తాతా, నేను కొత్త బండ తీసిస్త. గిది అరిగిపోయింది గద."

"అరగదా మరి? మా పెండ్లయిన ఏడు తెచ్చిన. అప్పటిసంది ఉతికింది. మా బట్టలు, నలుగురు పిల్లలయి, మనుమలయి."

సుత్తె పిడితో తట్టి చూశాను. అంచుల్లో ఖంగుమంది. నడుమ గుల్ల మోత. అక్కడ జొన్నరొట్టె మందం కూడా ఉండదు. ఒక్క దెబ్బ అటూ ఇటూ అయితే నిలువునా రెండు ముక్కలవుతుంది.

"ఇరిగిపోతే ఏం చేద్దాం తాతా?"

"ఇరిగితే ఇంకేం లేదు. ఫోటువ లేదు, ఏం లేదు. ఆమెదని చెప్పుకునేటందుకు మా ఇంట్ల గిదొక్కటే ఉన్నది" అన్నాడు.

వాళ్ల పాస్టరు రాసిచ్చిన కాగితం కూడా ఇచ్చాడు. పెద్ద వాక్యం, మొత్తం రాస్తే నాలుగు బండలు కావాలి. పదిహేను రోజులు గడువు అడిగి వాళ్లను పంపించాను. తర్వాత ఆ బండ ముందు కూచున్నాను. నడుమ చెక్కలేను. అంచుల్లో నాలుగు వేళ్ల వెడల్పు ఉంది, అక్కడైనా ఉలి పెట్టడానికి చెయ్యి రావడం లేదు. రెండు రోజులు అట్లాగే చూస్తూ కూచుని, మూడో రోజు తాండూరు ప్యాసింజరు ఎక్కాను. ఉస్తాద్‌తో మాట్లాడి అప్పటికి మూడేళ్లు దాటింది.

ఆయన దుకాణంలోనే ఉన్నాడు. కళ్లల్లో పువ్వులేశాయి, ఉలి పట్టడం తగ్గించాడు. నా గొంతు వినగానే "నర్సిం, కూసో" అన్నాడు, నిన్న పోయి ఇవాళ వచ్చినట్టు. బండ సంగతంతా చెప్పాను. ఆయన అడిగిన మొదటి మాట:

"ఆమె ఏ చేతితోని ఉతుకుతుండె?"

"నాకేం ఎరుక ఉస్తాద్!"

"గుంట ఏ దిక్కు ఎక్కువున్నది?"

ఆలోచిస్తే, గుంట కుడివైపు ఎక్కువ. ఆయన తలూపాడు. "బండ ఏడ గట్టిగున్నదో నన్నడుగుతవేంది? ఆమె ఏడ కొట్టలేదో గాడ నువ్వు కొట్టు. కింద తడి ఇసుక నిండ పొయ్యి, నడుమ గుంటల గూడ పొయ్యి. సుత్తె వద్దు, కట్టె తీస్కో. దెబ్బకొకపారి సప్పుడు ఇను."

లేవబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. "గా మల్లెతీగ మంచిగనే చెక్కినవ్" అన్నాడు.

"మరెందుకు గీకేసినవ్?"

"నాకు రాదు గనక."

ఈ మాట చెప్పడానికి ఆయనకు మూడేళ్లు పట్టింది. వినడానికి నాకూ అంతే పట్టింది. రైలులో కూచుని ఏడ్చాను, సంతోషంతోనే.

వచ్చి ఆయన చెప్పినట్టే తడి ఇసుక పోసి బండను అందులో పడుకోబెట్టాను. పాస్టరు కాగితంలోంచి ఒక్క మాట, యాకోబు చెప్పినవి మూడు, మొత్తం నాలుగు మాటలు మిగుల్చుకున్నాను. చీరకు అంచులాగా బండకు నాలుగు పక్కలా ఒకే వరసలో అక్షరాలు గీశాను. పై అంచుకు రూతమ్మ అని పేరూ ఊరూ. కుడి అంచుకు యాకోబు భార్య. కింద నలుగురు బిడ్డల తల్లి. ఎడమ అంచుకు ప్రభువునందు నిద్రించినది. కుడివైపు అంచు సన్నం, అక్కడ తక్కువ అక్షరాలు. ఎడమవైపు ఆమె కొట్టని చోటు, అక్కడ ఎక్కువ. నడుమ గుంటను ముట్టుకోలేదు. పువ్వు పెట్టాలన్న ఆలోచన రాలేదు. పెడదామన్నా చోటు లేదు.

పదకొండు రోజులు పట్టింది. కట్టెతో ఒక దెబ్బ, చెవి పెట్టి వినడం, మళ్లీ ఒక దెబ్బ. నాలుగో అంచు చివర ఒక చిన్న పెచ్చు లేచింది, కట్టె కింద పెట్టేశాను. అది అంతటితోనే ఆగింది. ఆ పెచ్చును అట్లాగే వదిలేశాను. చివరి అక్షరం అయ్యాక ఇసుక తీసి తట్టి చూస్తే, అంచు అంచులాగే మోగింది. అంత సంతోషం నాకు ఆ ముందూ లేదు, ఆ తర్వాతా రాలేదు.

చెప్పిన రోజుకు తండ్రీ కొడుకులు వచ్చారు. బండను ఎండలో, నేల మీద పెట్టాను. దావీదు నాలుగో తరగతి దాకా చదివినవాడు. చుట్టూ చూసి ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"అన్నా, నాలుగు దిక్కుల నింపినవ్. రేపు మా అయ్య పేరు ఏడ రాస్తం? మాతాన మొగుడూ పెండ్లానికి ఒక్కటే బండ పెడ్తరు."

నిజమే. ఆ ఊహే నాకు తట్టలేదు. పదకొండు రోజులు దెబ్బ దెబ్బకూ చెవి పెట్టి విన్నవాణ్ని, ముందు నిలబడ్డ మనిషి గురించి ఆలోచించలేదు. పటేలు సత్రంలో చేసిన తప్పే మళ్లీ చేశాను. నేనేదో చెప్పబోయేలోపు యాకోబే కొడుకును కసిరాడు.

"నేనేనాడన్న దీని మీద ఒక్క గుడ్డ ఉతికిన్నారా? నా పేరెందుకు? గిది ఆమె బండ. నాకు ఏదో ఒక బండ పెట్టుండ్రి."

తర్వాత మోకాళ్ల మీద కూచుని అరచేయి ఆ గుంటలో పెట్టాడు. చాలాసేపు తీయలేదు. అక్షరాల వైపు చూడనే లేదు. ఆయనకు చదవడం రాదు. లేచాక, "ఏం రాసినవో సదువు కొడుకా" అన్నాడు.

పై అంచు దగ్గర నిలబడి మొదలుపెట్టాను. అక్షరాలు అంచు వెంట తిరుగుతాయి కదా, ఒక్కచోట నిలబడి చదవడం కుదరదు. పేరు చదివి కుడివైపుకు నడిచాను, ఆయనా నా వెనకే వచ్చాడు. అక్కడినుంచి కింది అంచుకు, కిందినుంచి ఎడమకు. చదవడం పూర్తయ్యేసరికి ఇద్దరం ఆమె చుట్టూ ఒకసారి తిరిగి, మొదలుపెట్టిన చోటికే వచ్చి నిలబడ్డాం. ఇది నేను అనుకుని చేసింది కాదు. నడుమ చెక్కడానికి వీల్లేక అంచులకు పోయాను, అంతే. ఆ రాయి ముందు ఎవరు నిలబడ్డా, ఆమె గురించి చదవాలంటే ఆమె చుట్టూ తిరిగి రావలసిందే అని నాకు అప్పుడే తెలిసింది.

దావీదు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. యాకోబు కండువాతో ముఖం తుడుచుకుని, పై అంచు వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇంకోపారి సదువు కొడుకా."

మళ్లీ పేరు దగ్గరినుంచి మొదలుపెట్టాను.